పిలవని అల్లుడు

కర్నూలు, కడపల్లో ఎండాకాలం ఇంటి పెద్ద ఎవరో కూలర్‌ను అడిగితే చెబుతుంది. ఇదివరకు దాని ఎదురుగా తాత పడుకునేవాడు. ఇప్పుడు పర్షియన్ పిల్లి పడుకుంటోంది. అంత బొచ్చేసుకున్న జీవం 44 డిగ్రీలకు తట్టుకోలేదు గదా. తాతకంటే అలవాటే.

మా వీధి కాంట్రాక్టరన్న ఇంట్లో అలాంటి యువరాణి ఉంది. ఆమెకు పగవాడు వీధి గండుపిల్లి. పాతపేటలో మిద్దెలన్నీ అంటుకునే ఉంటాయి. ఈ చివర ఎక్కినవాడు నేలకు కాలు తగలకుండా ఆ చివర దిగుతాడు. దారిలో గవాచిలోంచి తొంగిచూసి ఎవరింట్లో ఏం ఉడుకుతోందో కనుక్కుంటాడు. అందుకని అన్న ప్రహరీ మీద కడప బండలు నిలబెట్టి, పైన గాజుపెంకులు పరిచి, సీసీ కెమెరా పెట్టించాడు. సీమ మీద సినిమాలు తీసేవాళ్లు సుమోలు తగ్గించి ఈ గోడ చూపిస్తే బాగుండు.

"టీకాలేయించినావా అన్నా?"

"గడప దాటని పిల్లికి టీకా ఎందుకబ్బా?"

పిల్లి దాటదు, నిజమే. అన్న దాటతాడు. పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల మాయరోగం వైరస్ ఏడాది దాకా నేల మీద బతికుండగలదు. గాజుపెంకుల జోలికి పోకుండా అన్న చెప్పులెక్కి దర్జాగా తలవాకిట్లోంచే వస్తుంది. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి టీకా వేయించాలి, మధ్యలో రేబిస్‌ది కూడా. మొత్తం ఖర్చు ఆ కెమెరా వైరుకు కూడా చాలదు.

ఇక ఆపరేషన్ మాటెత్తితే అన్న కళ్లలో నీళ్లు. "ఆడబిడ్డ అబ్బా, ఒక్క కాన్పన్నా కానీ!"

అయింది. పిల్లి అయిదారు నెలలకే ఎదకొస్తుంది, రెండు నెలలకు ఈనుతుంది. ఒకే ఈతలో పిల్లలకు వేరువేరు తండ్రులుండటం పిల్లుల్లో వింతేం కాదు కాబట్టి అల్లుడు ఒక్కడేనని చెప్పలేం. పైగా పొట్టి బొచ్చు లక్షణం పొడుగు బొచ్చును అణిచేస్తుంది. నాలుగు పిల్లలూ అచ్చం వీధి పోలికే! పర్షియన్ ధరకు అమ్ముడుపోవు. ఒక రాత్రి గోనెసంచి కేసీ కెనాల్ గట్టుకు చేరింది. కర్నూలుకూ కడపకూ ఉమ్మడి కాలువ గదా, ఇలాంటి సంచులూ ఉమ్మడే.

ఏడాది తిరక్కముందే మిద్దెల మీద కొత్త గుంపు. అన్న మున్సిపాలిటీకి అర్జీ రాశాడు, వీధి పిల్లులను పట్టుకుపొమ్మని.

పిల్లుల సంగతి అటుంచితే, వీధికుక్కలకు ఆపరేషన్ చేసి, టీకాలేసి, పట్టుకున్న చోటే వదలమని, వార్డువార్డుకూ అన్నంపెట్టే చోటు చూపమని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. అంటే అన్న వాకిట్లో పడుకునే ఊరకుక్కకు చట్టప్రకారం రాసిపెట్టిన రెండు సూదులూ, కూలర్ ముందున్న యువరాణికి లేవు.

అర్జీలో ఆనవాళ్లు రాయాలన్నారంట. అన్న నిజాయితీగానే రాశాడు: "నాలుగూ చారల పిల్లులు. కండ్లు మాత్రం మా పాపవే."