బొమ్మ గీసే పెట్టెకు ప్రవేశం లేదు

సాంకేతిక విద్య చదివేవాడు గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్‌ను ఎలా ఎంచుకోవాలి? అమెరికాలో అడిగితే పుస్తకమంత జవాబు చెప్తారు. తెర రంగులదా, నలుపు తెలుపుదా, ఛార్జింగు పెట్టాలా, సెల్లులు వెయ్యాలా, పైథాన్ రాయొచ్చా అని. మా కర్నూలు జిల్లా ఆదోనిలో జవాబు మూడు ముక్కలు. కొనొద్దు. కొంటే పరీక్షకు తేవద్దు. తెస్తే దొరకొద్దు.

నమ్మకం లేకపోతే ఊళ్లో ఏ స్టేషనరీ అంగడికైనా పోయి అడిగి చూడండి. సంభాషణ ఇంచుమించు ఇట్లా సాగుతుంది.

"అన్నా, గ్రాఫ్ గీసే క్యాలిక్యులేటర్ ఉందా?"

"గ్రాఫ్ పేపర్ కావల్లనా, క్యాలిక్యులేటర్ కావల్లనా? యాదో ఒకటి చెప్పప్పా."

"రెండూ ఒకదాంట్లోనే ఉంటాయంట."

"అట్లాంటిది యాడా రాదు. ఇంజినీరింగా, డిప్లొమానా?"

"ఇంజినీరింగ్."

"అయితే నైన్ నైంటీ వన్ తీస్కపో. మీ సార్లు కూడా అదే తీస్కపోతారు."

అంగడాయన అజ్ఞాని అనుకునేరు. రాష్ట్రంలో సాంకేతిక విద్యా విధానాన్ని ఆయన కంటే క్లుప్తంగా చెప్పినవాళ్లు లేరు. అటు పాలిటెక్నిక్ బోర్డు, ఇటు విశ్వవిద్యాలయం, పైన ఉన్నత విద్యామండలి కలిసి కూర్చుని కమిటీ వేసినా తేలేది ఆ ఒక్క వాక్యమే. నైన్ నైంటీ వన్ తీస్కపో.

పాపం, దాని తప్పేమీ లేదు. క్యాసియో ఎఫ్‌ఎక్స్-991 మంచి యంత్రం. మాత్రికలు గుణిస్తుంది, సంకీర్ణ సంఖ్యలు కూడుతుంది, మూడు సమీకరణాలను ఒక్కసారే సాధిస్తుంది, నిశ్చిత సమాకలనం విలువ చెప్తుంది. ఘన సమీకరణం గుణకాలు నొక్కితే మూడు మూలాలనూ వరసగా అప్పజెప్తుంది. ఇదంతా చట్టబద్ధం. అదే ఘన సమీకరణం ఎక్కడ ఎక్కి, ఎక్కడ దిగి, x అక్షాన్ని ఎక్కడ కోస్తుందో బొమ్మ గీసి చూపించే యంత్రం మాత్రం నేరస్తుల జాబితాలో ఉంది. అంటే జవాబు తెలిస్తే ఫర్వాలేదు. అది ఎందుకు జవాబైందో కంటికి కనిపిస్తేనే మాల్‌ప్రాక్టీస్.

ఆ జాబితా చదివి తీరాల్సిందే. జేఎన్‌టీయూ పరీక్షల క్రమశిక్షణ నిబంధనల్లో హాలులో దగ్గర పెట్టుకోకూడని వస్తువుల వరస ఒకటుంది. కాగితం, నోటు పుస్తకం, ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్, సెల్‌ఫోన్, పేజర్, పామ్ కంప్యూటర్. అవును, పేజర్. ఈ ఏడు బీటెక్‌లో చేరిన పిల్లోడు పుట్టక ముందే ఊరు వదిలిపెట్టి పోయిన పేజర్. స్క్వాడ్ వచ్చి జేబులు తడిమితే పేజర్ దొరకాలంటే ఆ పిల్లోడు ముందు పురావస్తు శాఖలో ఉద్యోగం సంపాదించాలి. గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్లు దాదాపు అన్నీ ప్రోగ్రాములు రాయగలిగేవే కాబట్టి పేజర్ పక్కన, అదే బోనులో నిలబెట్టారు. దొరికితే హాలు నుంచి బయటికి, ఆ సబ్జెక్టు రద్దు.

అదే హాలులోకి ఏమేం తెచ్చుకోవచ్చో కూడా వినండి. మెకానికల్ వాళ్లు స్టీమ్ టేబుల్స్ పుస్తకం తెచ్చుకోవచ్చు. సివిల్ వాళ్లు కాంక్రీటు డిజైన్ పరీక్షకు ఐఎస్ 456 పుస్తకం తెచ్చుకోవచ్చు. మెషిన్ డిజైన్‌కు డేటా బుక్కు, అందులో ఎవరో ఎప్పుడో గీసి పెట్టిన చార్టులు. వేరేవాళ్లు గీసిన గ్రాఫును అచ్చులో చూడొచ్చు, మన యంత్రం గీసిన గ్రాఫును తెరమీద చూడకూడదు. ఈ తర్కంలో ఎక్కడో ఒక అసింప్టోట్ ఉంది. ఎంత దగ్గరికి పోయినా అందదు.

కారణం అడిగితే చెప్పరు గానీ, పాత ప్రశ్నపత్రం చూస్తే తెలిసిపోతుంది. మొదటేడు గణితంలో కర్వ్ ట్రేసింగ్ అని ఒక క్రతువు ఉండేది. y²(2a−x)=x³ వక్రాన్ని గీయుము. తరతరాలుగా అదే వక్రం. సౌష్ఠవం చూడాలి, మూలబిందువు దగ్గర స్పర్శరేఖలు చూడాలి, x=2a దగ్గర అసింప్టోట్ చూపాలి, చివర్లో బొమ్మ వెయ్యాలి. బొమ్మ గీసే యంత్రం హాలులోకి వస్తే ఆ ప్రశ్న చచ్చిపోతుంది. అది చస్తే ఇంకో ప్రశ్న కనిపెట్టాలి. కనిపెట్టాలంటే ఆలోచించాలి. అందుకని ప్రశ్నను బతికించుకోవడానికి యంత్రాన్ని చంపేశారు. ఖర్చు తక్కువ.

ఇంతలో 991 జాతిలోనే ఒక గూఢచారి పుట్టింది. దాని పేరు 991ఈఎక్స్. ఇది గ్రాఫ్ గీయదు, కాబట్టి నిర్దోషి. కానీ ప్రమేయం ఇచ్చి మీట నొక్కితే తెరమీద ఒక క్యూఆర్ కోడ్ వేస్తుంది. ఆ కోడ్‌ను ఫోనుతో చూస్తే ఫోనులో గ్రాఫ్ ప్రత్యక్షం. ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, గ్రాఫ్ తెలిసిన యంత్రం హాలులో బెంచీమీద ఉంది, దాన్ని చూపించగల ఫోను గుమ్మం బయట సంచుల కుప్పలో ఉంది, మధ్యలో ఇన్విజిలేటర్ ఉన్నాడు. మన సాంకేతిక విద్య మొత్తం ఆ మధ్యలోనే ఉంది.

అమెరికా వాడు తెలివైనవాడా అంటే, వాడి కథ ఇంకో రకం. గ్రాఫ్ గీసే జేబు యంత్రాన్ని 1985లో మొదట అమ్మకానికి తెచ్చింది జపాన్ క్యాసియో, ఎఫ్‌ఎక్స్-7000జి అని. వ్యాపారం మాత్రం డాలస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసుకుంది. 2004లో టీఐ-84 ప్లస్ వచ్చింది. 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు తెర. 1976లో పుట్టిన జడ్80 జాతి ప్రాసెసర్. అప్పటికే పాతది, అయినా బళ్లన్నీ అదే అడిగాయి, పాఠ్యపుస్తకాలు దాని మీటల బొమ్మలే వేశాయి, ధర దిగలేదు. రంగుల తెర పెట్టిన ఇప్పటి రకం సుమారు 150 డాలర్లు. అక్కడ కొననివాడికి మార్కులు పోతాయి, ఇక్కడ కొన్నవాడికి పోతాయి. రెండు చోట్లా పిల్లోడిని అడిగినవాడు లేడు.

150 డాలర్లంటే మన డబ్బుల్లో 12 వేలు దాటుతుంది, సుంకాలు కలపకుండానే. ఆదోని లెక్కలో చెప్పాలంటే, 2025-26కు ప్రకటించిన పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110. అంటే ఒక క్యాలిక్యులేటర్‌కు క్వింటాలున్నర పైగా పత్తి. అదీ పత్తి కొనే భారత పత్తి సంస్థ (సీసీఐ) వాళ్లు తేమ చూసినప్పుడు ముల్లు 12 శాతం దాటకుండా నిలబడితే. దాటితే యార్డులో ప్రైవేటు పాటే గతి. కోసిగి, పెద్దకడుబూరు వైపు సేద్యం చాలక, ఇంటికి తాళం వేసి సుగ్గి వలసకు గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాల్లో ఈ లెక్క వేయడానికి యంత్రం అక్కర్లేదు. కాబట్టి నిషేధం వల్ల పేదపిల్లలకు న్యాయం జరుగుతోందని ఒక వాదన తయారుగా ఉంది. ఆ వాదన చేసేవాళ్లే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని అదే పేదపిల్లల హాల్‌టికెట్లు ఆపే కాలేజీల ముందు నోరు తెరవరు. సమానత్వం క్యాలిక్యులేటర్ దగ్గర మొదలై క్యాలిక్యులేటర్ దగ్గరే అయిపోతుంది.

పైగా ఆ 12 వేలు పెట్టాల్సిన అవసరమే లేదు. జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టాడు. విద్యార్థికి ఉచితం. డెస్మోస్ అని ఇంకోటి, అదీ ఉచితమే. అమెరికాలో కంప్యూటర్ మీద రాసే శాట్ పరీక్షలో డెస్మోస్‌ను ప్రశ్న పక్కనే, తెరలోనే పెట్టి ఇస్తున్నారు. మన దగ్గర 2022 డిసెంబరులో సర్కారు బళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకూ అయ్యవార్లకూ కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబులు పంచారు. వాటిలో బైజూస్ పాఠాలు నింపారు. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి పోయింది. ఆ ట్యాబు తీసుకున్న పిల్లోడు ఇప్పుడు డిప్లొమా చదివే వయసుకు వచ్చాడు. బడిలో తెర ఇచ్చిన రాష్ట్రమే పరీక్షలో తెరను చూసి ఉలిక్కిపడుతుంది.

ఇక మెట్లు చూడండి. ఇంటర్‌లో లాగ్ టేబుళ్లు తిరగేయాలి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు 180 నిమిషాల్లో, యంత్రం ముట్టకూడదు. బీటెక్‌లో 991. నాలుగేళ్లు దాని మీటలు చూడకుండా నొక్కే చెయ్యి తిరిగాక గేట్ రాయబోతే, ఆ 991నే బయట పెట్టమంటారు. అక్కడ కంప్యూటర్ తెరమీద ఒక క్యాలిక్యులేటర్ బొమ్మ ఉంటుంది, మౌస్‌తో ఒక్కో అంకె మీద గురిచూసి కొట్టాలి. చివరికి ఉద్యోగంలో చేరితే ఎవడూ ఏ క్యాలిక్యులేటరూ అడగడు, మ్యాట్‌ల్యాబ్ వచ్చా, పైథాన్ వచ్చా అంటాడు. ఏ మెట్టు మీద నేర్చింది పై మెట్టు మీద పనికిరాకుండా ఇంత శ్రద్ధగా కట్టాలంటే మామూలు మేస్త్రీ వల్ల కాదు.

అయితే గ్రాఫులే గీయించరా అంటే, అపచారం! ల్యాబ్ రికార్డు నిండా గ్రాఫులే. డయోడ్ వీ-ఐ లక్షణాలు అని ప్రయోగం. సిలికాన్ డయోడ్ దగ్గర వక్రం 0.7 వోల్టుల చోట పైకి లేస్తుందని పుస్తకంలో ఉంది. కిట్టులో కరెంటు ఉన్నా లేకపోయినా, డయోడ్ బతికున్నా కాలిపోయినా, రికార్డులో అది 0.7 దగ్గరే లేస్తుంది. ముందు సీనియర్ రికార్డు చూసి వక్రం గీస్తారు, తర్వాత వక్రం మీద చుక్కలు పెడతారు, ఆ చుక్కలను చూసి పట్టికలో రీడింగులు రాస్తారు. ప్రపంచమంతా రీడింగుల నుంచి గ్రాఫుకు పోతుంటే మనం గ్రాఫు నుంచి రీడింగులకు వస్తాం. గ్రాఫ్ షీటు మూలన స్కేలు రాయకపోతే మాత్రం ఒక మార్కు కోత. నిజాయితీ అంటే అంతటి పట్టింపు.

ఎమ్మిగనూరు పోదాం రండి, ముప్పై కిలోమీటర్లే. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. అక్కడ మగ్గం మీద కూర్చున్నాయనకు గ్రాఫ్ అంటే ఏమిటో మన పరీక్షల విభాగం చెప్పక్కర్లేదు. చీర అంచు డిజైను ముందు గళ్ల కాగితం మీదే పుడుతుంది. ఒక్కో గడికీ పోగు లేవాలా, దిగాలా అని లెక్క. ఆ లెక్కను అట్టల్లో చిల్లులుగా కొట్టి జాకార్డుకు ఎక్కిస్తారు. చిల్లు ఉన్నచోట ఒక మాట, లేనిచోట ఇంకో మాట. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జాకార్డ్ తెచ్చిన ఈ అట్టల ఉపాయం చూసే ఛార్లెస్ బ్యాబేజ్ తన గణన యంత్రానికి కూడా చిల్లుల అట్టలే అనుకున్నాడు. అంటే జాకార్డు బిగించిన మగ్గం నిఖార్సయిన ప్రోగ్రామబుల్ యంత్రం. పైగా బొమ్మ కూడా వేస్తుంది. రెండు నేరాలూ ఒక్కచోటే. తండ్రి ఇంట్లో పొద్దస్తమానం దానిమీద కాళ్లాడిస్తుంటాడు, కొడుకు అలాంటిది అరచేతిలో పట్టుకుని హాలుకు పోతే కేసు బుక్ అవుతుంది. స్క్వాడ్ వాళ్లకు తీరిక ఉంటే ఒకసారి అక్కడి పక్క ఊరు గుడేకల్లు వీధుల్లో తిరగాలి, మగ్గాలన్నీ సీజు చేయొచ్చు.

బెంగళూరు మనకు ఒక రాత్రి బస్సు దూరం. ఆ క్యాలిక్యులేటర్ల టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కూడా అక్కడ 1985లోనే కార్యాలయం తెరిచింది. చిప్పులు డిజైన్ చేసే ఆ చోట తెలుగు ఇంజినీర్లకు కొదవేం లేదు. వాళ్లలో జేఎన్‌టీయూలో చదివి పోయినవాళ్లు ఉంటే, తమ కంపెనీ సరుకును జేబులో పెట్టుకుని మళ్లీ సప్లిమెంటరీ రాయడానికి వస్తే, పేజర్ పక్కనే నిలబడాలి.

యంత్రాన్ని రానిస్తే అందరికీ నూటికి నూరు వస్తాయి, ఎలా అని పెద్దలకు భయం. యంత్రానికి అందని ప్రశ్న అడగడం ఎలాగో తెలియకపోతే ఈ ప్రాంతమే నేర్పుతుంది. తుంగభద్ర దిగువ కాలువ ఉంది, ఎల్‌ఎల్‌సీ. కర్నూలు జిల్లాలో లక్షన్నర ఎకరాలకు నీళ్లివ్వాల్సిన కాలువ. కర్ణాటక దాటి సరిహద్దులో మన జిల్లాకు ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో రోజువారీగా ఒక వక్రం, చివరి భూముల దగ్గర ఎన్ని పారాయో ఇంకో వక్రం. పిల్లలకు రెండూ ఇవ్వండి, ఏ క్యాలిక్యులేటర్ కావాలంటే అది చేతికివ్వండి, ఫోను కూడా ఇవ్వండి. మొదటి ప్రశ్న, రెండు వక్రాల మధ్య వైశాల్యం ఎంత? ఐదు మార్కులు, యంత్రం క్షణంలో చెప్తుంది. రెండో ప్రశ్న, ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి, మీ ఊహకు ఆధారం వక్రంలో ఎక్కడ కనిపిస్తోంది? పదిహేను మార్కులు. ఆవిరి ఎంత, ఇంకుడు ఎంత, మధ్యలో మోటార్లు ఎన్ని, రాత్రిపూట వక్రం ఎందుకు కిందికి జారింది?

కాపీ భయం అసలే అక్కర్లేదు. ఆ రెండో ప్రశ్నకు పక్క బెంచీవాడి దగ్గర జవాబు ఉండదు, ఇన్విజిలేటర్ దగ్గర ఉండదు, నీటిపారుదల శాఖ దగ్గర ఉన్నా వాళ్లు చెప్పరు.