గొర్రె తవ్విన గుంట, డిజైనర్ పెట్టిన సంతకం

గోల్ఫ్ మైదానంలో బంతిని మింగే ఇసుక గుంటే బంకర్. దానికి తొలి డిజైనర్ గొర్రె అంటారు. స్కాట్లాండ్ తీరంలో గాలికి తాళలేక గొర్రెలు ఇసుక దిబ్బల చాటున ముడుచుకుంటే, గడ్డి అరిగి గుంటలు పడ్డాయట. పాపం, వాటికి ఫీజు అడగడం తెలియదు, 'ఇది నా శైలి' అని చాటుకోవడమూ తెలియదు. ఆ రెండు లోట్లనూ ఇప్పటి డిజైనర్లు పూడ్చేశారు. గుంటలు మాత్రం పూడ్చడం లేదు.

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 112 బంకర్లున్నాయి. 14వ హోల్‌లో ఉన్నదాని పేరే 'హెల్', అంటే నరకం. 1995 బ్రిటిష్ ఓపెన్‌లో జాక్ నిక్లాస్ అంతటి మేటి ఆటగాడు అందులోంచి బయటపడటానికి నాలుగు దెబ్బలు కొట్టి, ఆ హోల్‌ను పది దెబ్బలతో ముగించాడు. 17వ హోల్ దగ్గరి రోడ్ బంకర్ చూడటానికి చిన్నదే. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ మీదికి చేరాక కూడా, పట్ చేసిన బంతి జారి అందులో పడింది. అక్కడ గుంటను చూసి ఆటగాడు ఆలోచన మార్చుకుంటాడు.

అమెరికాలో ఓక్‌మంట్ కోర్సు వాళ్లు 3, 4 హోల్స్ నడుమ ఒకే పెద్ద బంకర్‌లో గడ్డి గట్లు వరసగా పేర్చి, చర్చి బల్లలని పేరు పెట్టారు. అది సొంత బుర్ర. తర్వాత పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, ఎన్నో కోర్సుల్లో ఆ బల్లలు వెలిశాయి. ప్రార్థన మాత్రం బంతి పోగొట్టుకున్నవాడిదే. ఇక పొక్లెయిన్‌తో అంచులు చింపి, దానికి 'సహజత్వం' అని పేరు పెట్టడం నేటి ఫ్యాషన్.

ఈ సృజనకు పరాకాష్ఠ విస్కాన్సిన్‌లోని విస్లింగ్ స్ట్రెయిట్స్ కోర్సు. ఒకప్పటి సైనిక శిక్షణ స్థలం, చదును నేల. డిజైనర్ పీట్ డై అక్కడికి లక్షల ఘనగజాల మట్టీ ఇసుకా తోలించి, మిషిగన్ సరస్సు ఒడ్డున ఐర్లాండ్ తీరాన్ని నిలబెట్టాడు. 1998లో తెరిచిన ఈ కోర్సులో బంకర్లు సుమారు వెయ్యి! నకలు నిక్కచ్చిగా ఉండాలని స్కాటిష్ గొర్రెల్నీ తెచ్చి మేపుతున్నారు. తవ్వే పని మాత్రం వాటికి అప్పగించలేదు.

ఫలితం అక్కడే జరిగిన 2010 పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో తేలింది. చివరి హోల్‌లో డస్టిన్ జాన్సన్ బంతి జనం తొక్కిన ఇసుకలో పడింది. అది బంకరని అతను అనుకోలేదు, క్లబ్ నేలకు ఆనించాడు. బంకర్‌లో అలా చేయకూడదు కాబట్టి రెండు దెబ్బల జరిమానా పడింది, ప్లేఆఫ్ చేజారింది. ఇలాంటి ఇసుక గుంటలన్నీ బంకర్లేనన్న నిబంధన ముందే అంటించారు, నిజమే. కానీ ప్రపంచస్థాయి ఆటగాడే గుర్తుపట్టలేని బంకర్ ఎవరిని భయపెట్టడానికి?

కోర్సు కట్టించే పెద్దలకు ఒక సులువైన పరీక్ష. కాగితం మీదే ఒక్కో గుంటనూ చెరిపి చూడండి. ఆటగాడు కొట్టే దెబ్బ మారకపోతే అది బంకర్ కాదు, బిల్లులో ఒక పద్దు.