గట్టెక్కిన పర్యావరణం

ఖమ్మంవాళ్లకి గ్రానైట్ గురించి చెప్పడమంటే భద్రాచలంలో రామకథ చెప్పబోవడమే. ఊరు దాటితే చాలు, రాయి కోసే ఫ్యాక్టరీలు, పాలిష్ మిషన్లు, రోడ్డు పక్కన తెల్లగా ఎండిన రాతి బురద. అలాంటి ఊళ్లో నాలుగు డబ్బులున్న ఇళ్లల్లో ఈమధ్య కొత్త భక్తి మొదలైంది. వంటింట్లో గ్రానైట్ గట్టు ఉండటం పాపమట. కొండని తవ్వి తెచ్చిన రాయి మీద ఉల్లిపాయలు తరిగితే మనకంటే ముందు భూమాత కన్నీళ్లు పెట్టుకుంటుందట. ప్రాయశ్చిత్తంగా రీసైకిల్డ్ గట్టు వేయించుకోవాలి. పగిలిన గాజు, పాత కాగితం, పలుగురాతి పిండి, బూడిద... దేంతోనైనా చేసిపెడతారు. సరుకు చెత్తే గానీ ధర మాత్రం చెత్తది కాదు.

బ్రోచర్ అట్ట మీద అడవి ఫోటో ఉంటుంది. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవిలా కనబడుతుంది గానీ, బహుశా ఏ కెనడాదో. నిజమైన అడవిలోంచి రాయి తేవడం అంత తేలిక కాదు మరి. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకి మైనింగ్ లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రాయికి లీజు కావాలి, ఫోటోకి అక్కర్లేదు. కాబట్టి అడవి దాటి ఏ అడ్డూ లేకుండా బయటికొచ్చే సరుకు ఫోటో ఒక్కటే. అదే నాలుగు వెదురుబొంగులు భుజానేసుకుని వచ్చే కోయ మనిషినైతే ఆపుతారు. "ఏడికి? కాయితం ఉందా?" వెదురు మీద హక్కు అడవిబిడ్డలదేనని 2006 నాటి అటవీ హక్కుల చట్టం రాసుకుంది. చట్టానికి తెలిసింది, చెక్‌పోస్టుకి తెలియాల్సి ఉంది.

సరే, సరుకు చూద్దాం. షోరూముల్లో రాజు క్వార్ట్జ్. తొంభై పాళ్లకి పైగా పలుగురాతి పిండి, మిగతాది రెజిన్, అంటే ప్లాస్టిక్ జిగురు. హైదరాబాద్ కంపెనీ పోకర్ణ ఈ పలకల్ని విశాఖ దగ్గర అచ్యుతాపురంలోనూ, షాద్‌నగర్ వైపు మేకగూడలోనూ తయారుచేస్తోంది. ఈ జాతి పలకల్ని, ఏ కంపెనీవైనా సరే, పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము కోసేవాడి ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంటుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్, మందు లేదు. పడకేసిన కార్మికుల్ని చూసి చూసి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ పలకల్ని దేశమంతటా నిషేధించింది. మన బ్రోచర్‌లో ఆకుపచ్చ ఆకు బొమ్మలు చాలా ఉన్నాయి, ఊపిరితిత్తుల బొమ్మ మాత్రం లేదు. కోసేవాడు ఎలాగూ బ్రోచర్ చదవడు కదా.

ఇందులో "రీసైకిల్డ్" వాటా ఎంత అని అడిగితే సేల్స్ కుర్రాడు ముందు నవ్వుతాడు. ఫ్యాక్టరీలో మిగిలిన తుక్కుని మళ్లీ అదే ఫ్యాక్టరీలో, అదే పనిలో వాడుకుంటే దాన్ని రీసైకిల్డ్ లెక్కలో చూపకూడదని ఐఎస్ఓ 14021 ప్రమాణం చెబుతుంది. ఆ సంగతి ఎత్తితే నవ్వడం మానేస్తాడు.

కాగితం గట్టు ఇంకా ముచ్చటైనది. అమెరికాలో రిచ్‌లైట్ లాంటి కంపెనీలు కాగితాన్ని రెజిన్‌లో ముంచి, పొరలు పేర్చి, వేడి మీద నొక్కి పలక చేస్తాయి. మన సారపాకలో ఐటీసీ పేపర్‌బోర్డుల మిల్లు ఉంది. దానికోసం ఖమ్మం రైతులు పత్తిచేలల్లో జామాయిలు, సుబాబుల్ వేశారు. మన చెట్టు కాగితమై, అట్టపెట్టై, చిత్తుకాగితమై, దేశాలు తిరిగి పలకై వస్తే "అడవిని కాపాడిన గట్టు" అని కొనుక్కోవాలి.

ఇక బూడిద. బొగ్గు కాల్చిన బూడిదని ఇటుకల్లో, సిమెంటులో వాడాలని కేంద్రం 1999 నుంచి నోటిఫికేషన్లు ఇస్తూనే ఉంది. ఇప్పుడు దాన్ని కాంక్రీట్‌లో కలిపి "యాష్ ఫినిష్" అని అమ్ముతున్నారు. పాల్వంచవాళ్లని అడగండి. థర్మల్ స్టేషన్ దయవల్ల ఆ ఫినిష్ వాళ్ల గట్ల మీదికి, ఆరేసిన బట్టల మీదికి, మూత తీసిన పప్పులోకి ఏళ్లుగా ఉచితంగా హోమ్ డెలివరీ అవుతోంది.

గాజు కావాలంటే భద్రాచలం రావచ్చు. 2014లో పోలవరం ప్రాజెక్టు పేరిట చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రకి వెళ్లాయి, పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. చెత్త పోసుకోవడానికి జాగా కరువైంది. ఒక రాష్ట్రంలో తాగి పారేసిన సీసా రెండడుగులు పక్కకి దొర్లితే అంతర్రాష్ట్ర సమస్య. దాంతో చెత్తంతా గోదావరి ఒడ్డున గుట్టలు పడుతోంది. రీసైకిల్డ్ గాజు గట్టువాళ్లు ఒక లారీ పంపితే రెండు రాష్ట్రాలూ కలిసి సన్మానం చేస్తాయి. పంపరు. వాళ్ల సీసాలు ఓడలో వస్తాయి.

నిజానికి చెత్తతో గట్టు కట్టే విద్య ఖమ్మంలో ఎప్పటినుంచో ఉంది. ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన కటింగ్‌లో పోయిన ముక్కల్ని కుప్పేస్తారు. అంచు విరిగినవి, రంగు కలవనివి, గీత పడినవి. మేస్త్రీ ఒక్కో ముక్కని లేపి వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. ఖంగుమంటే ట్రాలీలోకి, బొద్దుమంటే మళ్లీ కుప్పలోకి. "నల్లది ఆరడుగులు దొరకలేదక్కా, కొసకి గోధుమరంగు ముక్కేస్తా. ఎట్టాగూ ఆడ గ్యాస్ పొయ్యి పెడతావుగా, కనపడదు." అక్క సరేనంటుంది. అతుకు దగ్గర సిమెంటులో నల్లరంగు కలిపి పూస్తే గట్టు తయారు. పెద్దింటి వంటగట్టులో సింకు కోసం కోసి తీసేసిన నలుపలక పేదింటి బావి దగ్గర బట్టలుతికే బండవుతుంది, టీ కొట్టు గల్లా అవుతుంది, తులసికోట పీఠమవుతుంది. దీనికి సర్టిఫికెట్ లేదు, క్యూఆర్ కోడ్ లేదు. దీన్ని సస్టెయినబుల్ అనరు, "పాపం, ముక్కలేయించుకున్నారు" అంటారు.

సర్టిఫికెట్ల సంగతికొస్తే, పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ అమెరికా బయట మొట్టమొదట పొందిన భవనం మన హైదరాబాద్‌లోనే ఉంది. సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్, 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్ణశాలకి మాత్రం ఇప్పటిదాకా ఏ రేటింగూ రాలేదు. లక్ష్మణస్వామి ఆకులతో, కొమ్మలతో ఇల్లు కట్టాడు గానీ దరఖాస్తు పెట్టుకోలేదు.

మా ఇంట్లోనూ నల్లరాయి గట్టే. అలాంటి గట్లు ఎంత మొండివో 2024 సెప్టెంబరు 1న ఖమ్మం పక్కన పారే మున్నేరు చెప్పింది. ఇళ్లల్లోకి నీళ్లొచ్చినప్పుడు ప్లైవుడ్ అరలు ఉబ్బి ఊడొచ్చాయి. బురద కడిగేసరికి గట్టు మళ్లీ గట్టే. దీన్ని పీకించి పర్యావరణాన్ని కాపాడదామని ఇంట్లో తీర్మానమయ్యాక ఒక షోరూముకి ఫోన్ చేశాను.

"పాత గట్టుని ఏం చేస్తారు బాబూ?"

"పగలగొట్టేయడమే సార్. కూలీ ఎక్స్‌ట్రా."

"ఆ ముక్కలు?"

"అవి మీ ఇష్టం సార్. అందరూ మున్నేరు ఒడ్డున పోయించేస్తున్నారు."

"మీరు రీసైకిల్ చేసేవాళ్లే కదయ్యా, తీసుకెళ్లకూడదా?"

"మాకెందుకు సార్ లోకల్ చెత్త? మాదంతా ఇంపోర్టెడ్."