ఫుట్‌బోర్డు ఫిరాయింపులు

పొద్దున తొమ్మిదింటికి కూకట్‌పల్లి స్టాపులో నిలబడ్డ వాళ్ళందరిదీ ఒకటే పార్టీ. బస్సులో బోలెడంత ఖాళీ ఉందన్నది దాని ఏకైక సిద్ధాంతం. పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్ళే 218 అల్లంత దూరాన కనబడగానే పార్టీ శ్రేణులు ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికి కదులుతాయి. షెడ్డు ముందు ఆటోలు, ఆటోల ముందు జనం, జనం ముందు బస్సు. అంటే బస్సు ఆగేది నడిరోడ్డు మీద. వెనక కార్లవాళ్ళు హారన్ మీద చెయ్యి తియ్యకుండా, సిటీలో ట్రాఫిక్‌కంతా ఈ బస్సులే కారణమని ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. ముందున్న బండిలో ఊరంత మంది ఉన్నారు, నా బండిలో నేనొక్కణ్ణే ఉన్నాను అని లెక్క కట్టే తీరిక వాళ్ళకు ఉండదు. ఆఫీసుకు లేటవుతోంది కదా.

వచ్చిన బస్సు ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. వెనక తలుపు దగ్గర నలుగురైదుగురు ఒంటికాలి మీద తపస్సు చేస్తుంటారు. అయినా సిద్ధాంతం చెక్కుచెదరదు. "జర లోపటికి జరుగున్రి అన్నా! నడుమ అంత జాగ ఉంది గదా!" అని కింది నుంచి గర్జన వినిపిస్తుంది. బస్సు నడుమ ఏముందో కింద నిలబడ్డ మనిషికి కనబడే అవకాశమే లేదు. కానీ ప్రతిపక్షంలో ఉన్నంతకాలం ఖజానా నిండుగానే కనబడుతుంది.

గర్జించిన వాళ్ళలో ఒకాయన్ని పట్టుకుందాం. నీలం చొక్కా, మెడలో ఐడీ కార్డు, వీపున ఉండాల్సిన బ్యాగు పొట్ట మీద. ఆయన కుడికాలు ఫుట్‌బోర్డు మీద పడింది. ఎడమకాలు ఇంకా గాల్లోనే ఉంది. "పోనియ్ పోనియ్, రైట్ రైట్!" అనే కేక వెలువడింది. కండక్టరు నోటి నుంచి కాదు, నీలం చొక్కా నోటి నుంచే. బస్సు మూసాపేటలో ఆగింది. చేతిసంచీతో ఒక పెద్దాయన తలుపు రాడ్డు అందుకోబోయాడు. "ఏడ ఎక్కుతవ్ పెద్దాయనా, కనిపిస్తలేదా? వెనక ఇంకో బండి ఖాళీగ వస్తున్నది!" అన్నాడు మనవాడు. వెనకాల వచ్చే ఆ ఖాళీ బస్సును చూసినవాళ్ళు ఈ నగరంలో ఎవరూ లేరు. అయినా దాని మీద అందరికీ భక్తి ఉంది.

ఎమ్మెల్యేలు, ఎంపీలు గెలిచిన పార్టీని వదిలి గోడ దూకకుండా 1985లో రాజ్యాంగానికి 52వ సవరణ చేసి పదో షెడ్యూలు చేర్చారు. బస్సు ప్రయాణికుల్ని అందులో ఎందుకు చేర్చలేదో తెలియదు. కూకట్‌పల్లిలో ఒక మాట, మూసాపేటలో ఇంకో మాట. మధ్యలో దూరం కిలోమీటర్లలోనే గానీ మనస్సాక్షిలో లేదు. పైగా ఎమ్మెల్యే పార్టీ మారితే నియోజకవర్గ అభివృద్ధి కోసమని ఒక ప్రకటనైనా ఇస్తాడు. ఫుట్‌బోర్డు దాటినవాడు అదీ ఇవ్వడు.

లోపలికి చేరాక మూడో మజిలీ. ఇక్కడ కండక్టరమ్మదీ ప్రజలదీ చిరకాల వివాదం. "ముందుకు జరుగున్రన్నా, ముందుకు జరుగున్రి!" అని ఆమె అరుస్తూనే ఉంటుంది. తలుపు దగ్గరున్న వాళ్ళెవరూ కదలరు. కారణం అడిగితే "దిగాలె గదా" అంటారు. దిగేది ఎక్కడయ్యా అంటే కోఠి. అది ఆఖరి స్టాపు. అక్కడ డ్రైవరు కూడా దిగుతాడు. అయినా దేశంలో ప్రతి పౌరుడికీ ద్వారం దగ్గరుండే హక్కు ఒకటుందని మనవాళ్ళ నమ్మకం. పెళ్ళి భోజనాల దగ్గర, లిఫ్టు దగ్గర, విమానం ఆగీ ఆగకముందు కూడా ఈ హక్కును వాడుకుంటూనే ఉంటాం. బస్సులో కాస్త ఎక్కువ వాడతాం.

సీటు సంగతి వేరు. అది ఆస్తి వ్యవహారం. బస్సు బయల్దేరే చోట కిటికీలోంచి కర్చీఫు విసిరి సీటు పట్టడం మన ప్రాంతపు ప్రాచీన భూ చట్టం. కర్చీఫు పడ్డ సీటుకు ధరణి అక్కర్లేదు, భూభారతి అక్కర్లేదు. సర్వే నంబరు, పాసుపుస్తకం, మ్యుటేషన్ ఏవీ లేకుండా నాలుగంగుళాల బట్టముక్క మీద హక్కు పుట్టేస్తుంది. కబ్జా చేసినవాడు కూడా ముందు కర్చీఫును మర్యాదగా పక్కన పెట్టి, ఆ తర్వాతే కూర్చుంటాడు.

దారిలో ఎక్కినవాళ్ళకు కర్చీఫు పనికిరాదు. వాళ్ళది ముందస్తు ఒప్పందాల మార్కెట్టు. నిలబడ్డవాడు కూర్చున్నవాడి మీదికి కాస్త వంగి "ఎక్కడ దిగుతారండీ?" అంటాడు. పైకి కుశల ప్రశ్నలా ఉంటుంది. కోఠి అన్నాడంటే బంధుత్వం అక్కడితో తెగిపోయింది. అమీర్‌పేట అన్నాడంటే ఆ సీటు చుట్టూ కోట కట్టేస్తాడు. ఒక కాలు అటు, ఒక చెయ్యి ఇటు, మధ్యలో బ్యాగు. నీలం చొక్కాకు ఎర్రగడ్డ దగ్గర అమీర్‌పేట దిగే కోచింగ్ కుర్రాడు దొరికాడు. ఒళ్ళో సాఫ్ట్‌వేర్ కోర్సు నోట్సు, దాని మీద టిఫిన్ డబ్బా. కుర్రాడు లేవడానికి ముందే నీలం చొక్కా సగం కూర్చున్నాడు. "కొంచెం ఆగండన్నయ్యా, నన్ను లేవనివ్వండి" అన్నాడు కుర్రాడు గోదావరి యాసలో. అధికార మార్పిడి శాంతియుతంగానే జరిగింది.

కూర్చున్న మరుక్షణం మనిషికి దేశం గురించి ఆలోచించే వీలు చిక్కుతుంది. నిలబడ్డవాడు రాడ్డు గురించి మాత్రమే ఆలోచించగలడు. నీలం చొక్కా పక్కవాడి వైపు తిరిగి ఆర్థికశాస్త్రం మొదలుపెట్టాడు. "ఫ్రీ పెట్టి బస్సులన్నీ ఖరాబ్ చేసిండ్రన్నా. టికెట్ కొనేటోడికి కూసోనీకి జాగ లేదు." ఈ మాట అనేటప్పుడు తాను కూర్చునే ఉన్నాడన్నది ఆయన గమనించలేదు. వాదంలో ఉన్నవాడికి సొంత సాక్ష్యం కనబడదు.

తెలంగాణలో మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్ సిటీ బస్సుల్లో ఛార్జీలు దూరాన్ని బట్టి 5 రూపాయలో 10 రూపాయలో పెరిగాయి. టికెట్ కొనే పురుషుడి బాధకు ఓ ఆధారం ఉందనే చెప్పాలి. కానీ ఆయన బాధ ఛార్జీలు పెంచిన వాళ్ళ దాకా పోదు. ముందు సీట్లో టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అపార్టుమెంట్లలో పనికి పోతున్న ఆవిడ దగ్గరే ఆగిపోతుంది. ఆవిడ చేతిలో ఆధార్ కార్డు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రవికెలోంచి తీసి, చూపించి, మళ్ళీ చుట్టి దాచుకుంటుంది.

"ఫ్రీయే గదా, మళ్ళ టికెట్ ఎందుకమ్మా?" అంది పక్కావిడ.

"నువ్వు ఎక్కినవని సర్కారుకు ఎట్ల తెలుస్తది అక్కా? జీరో టికెట్ కొడితేనే మాకు పైసలొస్తయి" అంది కండక్టరమ్మ, మిషన్ మీద వేలు నొక్కుతూ. సున్నా అచ్చేసిన కాగితం కిర్రుమంటూ బయటికొచ్చింది. ఆ సున్నాలు లెక్కపెట్టే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు చెల్లించాలి. సున్నాలకు ఇంత విలువ పరీక్ష పేపర్లలో కూడా చూడలేదు మనం.

ఇంతలో నీలం చొక్కా ఫోను మోగింది. ఆర్థికశాస్త్రానికి విరామం. "ఆఁ, చెప్పు... ఆటోనా? ఎందుకే, పిచ్చిగిట్ల లేసిందా? మీ అమ్మనీ, పిల్లనీ తీస్కొని మంచిగ బస్సెక్కి రా. మూడు జీరో టికెట్లు. ఆటోకు రెండొందలు అడుగుతడు. ఆధార్ కార్డులు మర్వకు." ఫోను జేబులో పడింది. "ఏం చెప్తున్న అన్నా... ఆఁ, ఈ ఫ్రీలతోని దేశం ఖరాబైతున్నది." పక్కవాడు గంభీరంగా తలూపాడు. ఆయనింట్లోనూ ఆధార్ కార్డులు నాలుగుంటాయి.

పంజాగుట్ట దాటేసరికి మధ్య సీట్లో ఉన్న విశ్రాంత ఉద్యోగి చరిత్ర అందుకున్నాడు. ప్రతి బస్సులోనూ ఒకాయన ఉంటాడు. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో మొదలుపెట్టారు. ఆర్టీసీ నంబరు ప్లేటు మీద జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. అప్పట్లో సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు డబుల్ డెక్కర్ పైఅంతస్తులో, ముందు సీట్లో కూర్చుని వెళ్తుంటే ఆహా! ఆ డబుల్ డెక్కర్లు 2000ల మొదట్లో పోయాయి. 2023 ఫిబ్రవరిలో కారు రేసు వేళకు కరెంటువి మూడు తెచ్చి ట్యాంక్‌బండ్ చుట్టూ తిప్పారు. ఇవన్నీ నిజమే. కానీ పెద్దాయన చెప్పే ఆ పాత బస్సుల్లో ఎప్పుడూ సీటు దొరుకుతుంది, ముందు సీటే దొరుకుతుంది. గతంలో బోలెడంత ఖాళీ ఉంటుంది. అక్కడికి ఎవరూ కొత్తగా ఎక్కరు మరి. తల మీద 2018 నుంచీ మెట్రో పోతోంది. దానికేసి చూసి పెద్దాయన పెదవి విరిచాడు. పాతికేళ్ళయ్యాక, అప్పట్లో మెట్రోలో ఎంత హాయిగా కూర్చునేవాళ్ళమో అని ఇంకొకాయన చెబుతాడు.

ఖైరతాబాద్ దగ్గర సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడింది. ఇద్దరు ప్రయాణికులకు చిల్లర బాకీ. కండక్టరమ్మ దగ్గర యాభై నోటొకటి మాత్రమే ఉంది. ఇద్దరి టికెట్ల వెనకా అంకెలు రాసి, నోటు ఒకరి చేతిలో పెట్టి "కిందికి దిగి ఇద్దరు పంచుకోన్రి" అంది. అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు మనుషులు ఇప్పుడు విడదీయరాని బంధువులు. నోటు ఉన్నవాడిని లేనివాడు కళ్ళతో కాపలా కాస్తున్నాడు. ఇద్దరూ కలిసి దిగి, కలిసి పాన్ డబ్బా వైపు నడిచారు. కనీస ఉమ్మడి కార్యక్రమం ఒక మింట్ గోళీల పొట్లం. అది కొంటే గాని చిల్లర రాదు, చిల్లర వస్తే గాని ప్రభుత్వం పడిపోదు. కొన్ని బస్సుల్లో ఇప్పుడు ఫోనుతో స్కాన్ చేసి కట్టేయొచ్చు. అది బాగా పాకితే ఈ దేశంలో నిజాయితీగా నడిచిన సంకీర్ణాలు అంతరిస్తాయి.

లక్డీకాపూల్‌లో వెనక తలుపు నుంచి ఎక్కిన ఒక ముసలాయన వంద నోటు పైకెత్తాడు. కండక్టరమ్మ ముందు వైపు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుపోయి ఉంది. "కోఠి ఒకటి, జర పాస్ చెయ్యన్రి" అన్నాడు ఆయన. నోటు బయల్దేరింది. ముందున్న కాలేజీ పిల్లాడు ఫోన్లోంచి కళ్ళెత్తకుండానే అందుకుని ముందుకిచ్చాడు. పెయింటు మరకల చొక్కా మేస్త్రీ దాన్ని రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని, రాడ్డు వదలకుండానే తర్వాతి చేతికి చేర్చాడు. అక్కడి నుంచి నీలం చొక్కా చేతికి. కూకట్‌పల్లిలో ఒక మాట, మూసాపేటలో ఒక మాట, ఫోనుకు ముందొకటి, ఫోన్లో ఒకటి మాట్లాడిన ఆ నీలం చొక్కా, సీట్లోంచి సగం లేచి, "మేడం, కోఠి ఒకటి, వంద" అని స్పష్టంగా చెప్పి నోటు ముందుకు అందించాడు. కాసేపటికి టికెట్టు వచ్చింది. దానిలో మడత పెట్టిన నోట్లు, వాటి మధ్య ఒక బిళ్ళ. వచ్చిన చేతుల మీదుగానే వెనక్కి వెళ్ళింది. దారిలో ఆ బిళ్ళ జారి కిందపడితే మేస్త్రీ ఇద్దరి కాళ్ళు జరిపించి, వంగి, వెతికి, తీసి, మళ్ళీ మడతలో పెట్టి పంపాడు. ముసలాయన లెక్క కూడా చూసుకోలేదు. రసీదు లేదు, సంతకం లేదు, సీసీ కెమెరా లేదు, విచారణ కమిటీ లేదు.

అప్పటికి బస్సు అసెంబ్లీ ముందు సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. "అసెంబ్లీ, అసెంబ్లీ, దిగేటోళ్ళున్నరా?" అని అరిచింది కండక్టరమ్మ. దిగేవాళ్ళెవరూ లేరు.

ఫిరాయింపుల చట్టం తెచ్చిన రాజీవ్ గాంధీయే, అదే 1985లో, సర్కారు ఖర్చుపెట్టే రూపాయిలో పదిహేను పైసలే పేదవాడికి చేరుతున్నాయని చెప్పారు. దారిలో ఎన్ని చేతులు మారితే అంత అరుగుతుందన్నది పాలనలో మనకు అలవాటైన లెక్క. 218లో ఆ లెక్క తప్పుతోంది. మాట మీద నిలబడని మనుషులే, సీటు కోసం గోడ దూకే మనుషులే, ఎవరిదో తెలియని వంద నోటును చేతులు మార్చి పంపి, మిగిలిన చిల్లరంతా పైసా తరక్కుండా వెనక్కి చేరుస్తున్నారు. ఫిరాయింపుల్ని ఆపే చట్టం ఎంత చక్కగా పనిచేస్తోందో ఎలాగూ చూస్తున్నాం. ఇక దాని జోలికి పోవద్దు. పార్టీలు ఎన్నయినా మారండి బాబూ, చిల్లర మాత్రం వెనక్కి పంపండి.