అరిచింది నేను కాదు, నా అమిగ్డలా

కోపమొచ్చి కంచం విసిరిన మనిషిని కోపిష్టి అంటారు. అదే మనిషి కంచం విసిరాక నుదురు పట్టుకుని, "ఈమధ్య స్ట్రెస్ బాగా ఎక్కువైందండీ, కార్టిసాల్ పెరిగిపోతోంది" అన్నాడనుకోండి, పక్కింటివాళ్లు కూడా అయ్యో పాపం అంటారు. కంచం అదే, విసురు అదే, గోడ మీద పప్పు మరక కూడా అదే చోట. మాట ఒక్కటే మారింది. మనసు గురించి, మెదడు గురించి తెలుసుకుంటే కలిగే అసలు లాభం ఇదే.

పదిహేనేళ్లుగా వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చదువుతున్నాను. ఏటా జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి సంచీ నిండా తెచ్చుకుంటాను. చదివినదాన్ని చదివినట్టే ఇంట్లోనూ ఆఫీసులోనూ వాడి చూశాను. మనల్ని మారమని చెప్పే పేజీలు తీసేసి, మారకుండానే గౌరవంగా బతకడానికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ ఇస్తున్నాను. శ్రద్ధగా పాటించండి. ఆరు నెలలు తిరిగేసరికి ఇంట్లో మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు.

1. ముందు మూడు పేర్లు కంఠస్థం చేయండి. అమిగ్డలా. మెదడు లోపల రెండు పక్కలా బాదం గింజంత ఉంటుంది, ప్రమాదం కనబడగానే గంట కొడుతుంది. ప్రీఫ్రంటల్ కార్టెక్స్. నుదుటి వెనకాల కూర్చుని "ఆగు, ఆలోచించు" అంటుంది. కార్టిసాల్. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లోంచి వస్తుంది. ఈ మూడు చాలు. నాలుగో పేరు జోలికి పోవద్దు. పుస్తకాల్లో నాలుగో పేరు దగ్గర నుంచి వ్యాయామాలు మొదలవుతాయి.

డేనియల్ గోల్‌మన్ 1995లో రాసిన "ఎమోషనల్ ఇంటెలిజెన్స్" పుస్తకంతో ఒక మంచి సంగతి లోకానికి తెలిసింది. ఆలోచించే భాగం తేరుకునేలోపే అమిగ్డలా పగ్గాలు లాగేసుకుంటుందని. కాబట్టి ఇంట్లో అరిచాక క్షమాపణ చెప్పకండి. "అరిచింది నేను కాదు, నా అమిగ్డలా" అనండి. పగ్గాలు తిరిగి చేతికి ఎలా తెచ్చుకోవాలో కూడా అదే పుస్తకంలో ఉంది. ఆ పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయనుకుని తిప్పేయండి.

2. ఏ కథయినా సగం దగ్గర ఆపండి. చుట్టాలు "ఏంటిరా, ఇదివరకు ఇలా ఉండేవాడివి కాదు" అంటే ఫినియాస్ గేజ్ కథ చెప్పండి. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం పనుల మేస్త్రీ. బండ పేల్చడానికి మందు దట్టిస్తుంటే అది పేలి, గునపం లాంటి ఇనుప కడ్డీ చెంప కింద దూరి నడినెత్తిలోంచి బయటికి పోయింది. మనిషి బతికాడు. కానీ నెమ్మదస్తుడు కాస్తా నోటి దురుసు మనిషయ్యాడని చూసిన వైద్యుడు రాశాడు. ఇక్కడ ఆపి, గట్టిగా నిట్టూర్చి, "మెదడు చేతిలో మనం కీలుబొమ్మలం" అనండి. వినేవాళ్లకి మీ నెత్తిలో కూడా ఏదో దిగిందన్న జాలి కలుగుతుంది. ఆ గేజే తరవాత చిలీ దేశం వెళ్లి ఏళ్ల తరబడి గుర్రబ్బండి తోలాడు, ప్రయాణికులతో సజావుగా మెలిగే స్థితికి వచ్చి ఉంటాడని పరిశోధకులు అంటారు. అది చెప్పకండి. తలలోంచి ఇనుప కడ్డీ పోయినవాడు కుదురుకున్నాడని తెలిస్తే, మీరెందుకు కుదురుకోరని అడుగుతారు.

3. ఇష్టం లేని ప్రతి పనినీ ఒత్తిడి అనండి. ఒత్తిడికి ఒంట్లో జరిగేదాని మీద హాన్స్ సెల్యే 1936లో "నేచర్" పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. ప్రయోగాలు ఎలుకల మీద. గాయమైనా, చలి అయినా, మందు ఎక్కువైనా ఎలుకల ఒళ్లు ఒకే తీరులో స్పందించిందని చెప్పాడు. మనకు కావలసిన ముక్క అదే: కారణం ఏదైనా ఒకటే. కరివేపాకు తెమ్మంటే ఒత్తిడి. పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఒత్తిడి. అత్తగారి కంటి ఆపరేషన్‌కి తోడు వెళ్లడం మహా ఒత్తిడి. మంచి ఒత్తిడి కూడా ఉంటుందని, అది మనిషిని ముందుకు నడిపిస్తుందని ఆయనే తరవాత చెప్పాడు. రెండో సంగతి మన దాకా రాలేదనుకోండి.

4. రోజును శాస్త్రీయంగా పంచుకోండి. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంట దాకా కార్టిసాల్ పైకి ఎగబాకుతుంది. ఒంటిని మేల్కొలపడానికి అది సహజం. అయినా ఆ మాట పట్టుకుని పొద్దున్నే ఎవరినీ పలకరించనివ్వకండి. మధ్యాహ్నం భోజనమయ్యాక మగత సహజం, ఫైళ్లు ముట్టుకోవద్దు. మెదడు బరువు ఒంటి బరువులో దాదాపు 2 శాతమే అయినా ఒంటికి అందే శక్తిలో 20 శాతం అదే తినేస్తుంది. కాబట్టి సాయంత్రానికి అలసిపోయి ఉంటారు. ఈ మూడూ పోగా మిగిలిన వేళ పని చేయండి. మిగలకపోతే రేపు చేయండి.

5. "ఏం లేదు" అనడం నేర్చుకోండి. ఈ మొత్తంలో నాకు ప్రాణప్రదమైన చిట్కా ఇది. నిదానంగా చెబుతాను.

ఒక ఉద్వేగానికి పేరు పెట్టి చెబితే అమిగ్డలా చురుకుదనం తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగులు తీసి చూపించింది. ఎంత ప్రమాదమో చూడండి. "నాకు భయంగా ఉంది, ఈ నెల వాయిదా కట్టలేనేమో" అని ఒక్క మాట పైకి అన్నారంటే కోపం చప్పున చల్లారుతుంది. ఎదుటి మనిషి వచ్చి పక్కన కూర్చుంటుంది. లెక్కలు తీస్తారు. ఎక్కడో ఒక దారి దొరుకుతుంది. వారం రోజులు నడవాల్సిన అలక పావుగంటలో ముగిసిపోతుంది.

అందుకని పేరు పెట్టకండి. ఆఫీసు నుంచి వచ్చారు. చెప్పులు రెండూ రెండు దిక్కుల విడిచారు. ఆవిడ కాఫీ తెచ్చి, మీ మొహం చూసి, "ఏమైందండీ?" అంది. వెంటనే జవాబు చెప్పొద్దు. గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, టీపాయ్ మీద పెట్టండి. చప్పుడు వంటింటి దాకా వినబడాలి, కాఫీ మాత్రం తొణకకూడదు. తొణికితే గుడ్డ పెట్టి తుడవాల్సింది మీరే కావచ్చు. స్టీలు గ్లాసు వాడండి, గాజుది ఈ పనికి రాదు. అప్పుడు టీవీ వైపు చూస్తూ "ఏం లేదు" అనండి.

రెండోసారి అడుగుతుంది. ఈసారి "ఏం లేదులే". ఆ "లే"లో ఉంది బలమంతా. మూడోసారి అడిగితే "ఏం లేదన్నానుగా!" అని కసరండి. ఇప్పుడు అడగడమే ఆవిడ తప్పవుతుంది. మీకు బాధ ఎందుకొచ్చిందో మీరు చెప్పనక్కర్లేదు, ఆవిడ కనిపెట్టాలి, కనిపెట్టలేకపోతే "నా సంగతి ఈ ఇంట్లో ఎవరికి కావాలి" అని మీరు అనొచ్చు. ఒక్క మాటతో మూడు లాభాలు. చేతికి మట్టి అంటదు.

6. పగను ఊరగాయలా నిలవ చేయండి. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని 1987లో డేనియల్ వెగ్నర్ కొందరికి చెప్పాడు. వాళ్లకి అదే పదేపదే గుర్తొచ్చింది. పైగా తరవాత ఆలోచించవచ్చు అనేసరికి, మొదటి నుంచీ ఆలోచించినవాళ్లకంటే ఎక్కువగా దాని చుట్టూనే తిరిగారు. కాబట్టి రాత్రి దీపం ఆర్పగానే, "అన్నయ్య పొలం పంపకంలో చేసిన అన్యాయం ఇక తలుచుకోను" అని గట్టిగా అనుకోండి. తెల్లారే వరకూ వదలదు. ఇలా రోజూ చేస్తే ఇరవై ఏళ్ల నాటి మాట కూడా నిన్నటి ఆవకాయంత ఎర్రగా ఉంటుంది.

దీనికి తోడు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఎవరి గృహప్రవేశంలో మీకు బట్టలు పెట్టలేదు, ఎవరి పెళ్లిలో రెండో బంతిలో కూర్చోబెట్టారు, ఆ రోజు గారెలు చల్లారిపోయాయా లేదా, తేదీతో సహా రాసుకోండి. గొడవలో తేదీ చెప్పగలిగినవాడిదే పైచేయి.

7. కోపాన్ని వెళ్లగక్కండి, ఊరికే కూర్చోకండి. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ గుద్దుల సంచీని గుద్దినవాళ్ల కోపం పెరిగిందని, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లే తక్కువ కోపంతో బయటపడ్డారని బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించాడు. కనుక కోపం చాలాకాలం మన్నాలంటే ఏం చేయాలో తెలిసింది కదా. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినా హారన్ మోగించండి. తలుపులు దడాలున వేయండి. జరిగినది బావగారికి ఫోన్ చేసి చెప్పండి, తరవాత బాబాయికి, తరవాత పాత స్నేహితుడికి. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క కలుస్తుంది. నాలుగో ఫోనుకల్లా అవతలివాడు అనని మాట కూడా అన్నట్టే మీకు వినిపిస్తుంది.

8. కాపురంలో ఈ నాలుగింటినీ వంతులవారీగా వాడండి. సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ అనే ఆయన దంపతులను కూర్చోబెట్టి, వాళ్లు పోట్లాడుకుంటుంటే వీడియో తీసి, గుండె వేగం కొలిచి, ఏళ్ల తరబడి గమనించాడు. కాపురాలను కూల్చేవి నాలుగని తేల్చాడు. మనం కొత్తగా కనిపెట్టాల్సిన శ్రమ తప్పించాడు మహానుభావుడు.

మొదటిది నింద. కూర మాడితే కూర గురించి మాట్లాడకండి. "నీకు మొదటి నుంచీ ఇంటి మీద ధ్యాస లేదు" అనండి. రెండోది ఈసడింపు. నాలుగింటిలోకీ ఇదే బలమైనదని ఆయనే చెప్పాడు. మాటలు కూడా ఖర్చు కావు, పెదవి ఒక పక్కకి లాగి కళ్లు తిప్పితే చాలు. ఆవిడ పుట్టింటి ఊరి పేరును కాస్త సాగదీసి పలికినా సరిపోతుంది. మూడోది ఎదురు తిప్పడం. "కరెంటు బిల్లు కట్టలేదా?" అంటే "మరి నువ్వు మొన్న గ్యాస్ బుక్ చేశావా?" అనండి. నాలుగోది ఉలుకూ పలుకూ లేకుండా గోడలా కూర్చోవడం. ఇది విశ్రాంతి కూడా.

నిలబడే కాపురాల్లో గొడవపడే సమయంలో కూడా ఒక చేదుకి ఐదు తీపి చొప్పున ఉంటాయని ఆయన లెక్క. ఐదు మరీ దండగ. పెళ్లిరోజున ఒకటి చెప్పి, ఏడాదంతా అదే గుర్తుచేయండి.

గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటుంటే వాదించకూడదని, కనీసం 20 నిమిషాలు విరామం తీసుకుని, చల్లబడ్డాక వచ్చి మాట్లాడాలని కూడా ఆయనే అన్నాడు. 20 నిమిషాలు అడగండి. ఫోన్ తీసి బాల్కనీలోకి వెళ్లండి. వచ్చి మాట్లాడటం సంగతి ఆవిడే మర్చిపోతుంది.

9. క్షమాపణలో "ఉంటే" వేయండి. "నీ మనసు కష్టపడి ఉంటే సారీ." కష్టపడిందా లేదా నిరూపించుకునే పని వాళ్లదవుతుంది.

10. పిల్లలతో మాట్లాడే శ్రమ పెట్టుకోకండి. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పూర్తిగా పండటానికి ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లు పడుతుంది. అప్పటిదాకా వాళ్లకి మన మాట ఎక్కదనుకుని ఫోన్ చేతికివ్వండి. ఏడిస్తే "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అనండి. వాడికి పాతికేళ్లు నిండిన రోజున పిలిచి కూర్చోబెట్టి మనసు విప్పండి. వాడప్పుడు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. వీడియో కాల్ చాలు.

11. రాత్రి రెండింటి దాకా మేలుకోండి. నిద్ర తక్కువైతే అమిగ్డలా మరింత రెచ్చిపోతుంది, నుదుటి వెనకాల పెద్దమనిషి మాట వినదు. మర్నాటి చిరాకు రాత్రే సిద్ధమవుతుంది, పొద్దున్నే కష్టపడి తెచ్చుకోనక్కర్లేదు.

12. సాయం నంబరును పంచండి, నొక్కకండి. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలీమానస్ మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బు అడగరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇన్ని సౌకర్యాలు పెట్టాక మనకు ఒక్క సాకు మిగలదు, అదే చిక్కు. కాబట్టి కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ నంబరు పెట్టి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ వేయండి. సమాజానికి చేయాల్సింది చేశారు. ఎవరైనా "నువ్వు ఒకసారి మాట్లాడి చూడు" అంటే "నాకేం పిచ్చా?" అని గట్టిగా నవ్వండి. బీపీ 160 దాటినప్పుడు మాత్రల డబ్బా రిమోట్ పక్కనే పెట్టుకోండి, లేచే పని ఉండదు.

ఇవన్నీ వదలకుండా పాటిస్తే మార్పు మెల్లగా కనబడుతుంది. మొదట బాబాయి ఫోన్ ఎత్తడం మానేస్తాడు. తరవాత అబ్బాయి అమ్మకే ఫోన్ చేసి, "నాన్న బాగున్నారా?" అని అడిగి పెట్టేస్తాడు. మీరు రాగానే వంటింట్లో మాటలు ఆగిపోతాయి. కాఫీ టీపాయ్ మీదకి వస్తుంది, దానితో పాటు ప్రశ్న రాదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే ఫ్యాన్ ఎన్నో నంబరులో తిరుగుతోందో చెవితోనే చెప్పొచ్చు.

ఒక సాయంత్రం ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. టీవీలో ప్రకటనలు వస్తుంటాయి కాబట్టి మీకు కాస్త తీరిక ఉంటుంది. "ఏమైంది?" అని అడగండి.

"ఏం లేదు" అంటుంది. గ్లాసు చప్పుడు లేదు, కసురు లేదు, "లే" కూడా లేదు. అంత శుభ్రంగా ఆ మాట మీకే ఎన్నడూ వచ్చి ఉండదు. ప్రకటనలు అయిపోయాయి, సౌండ్ కొంచెం పెంచుకోండి.