నేను తంబ్ మిషన్‌ని

నా డబ్బా మీద ‘బయోమెట్రిక్ ఫింగర్‌ప్రింట్ స్కానర్’ అని రాసి ఉంటుంది. కోరుట్లలో ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ దారి చూపించరు. తంబ్ మిషన్ అనండి, చిన్న పిల్లాడైనా చెయ్యి పట్టుకుని నేనుండే నెట్ సెంటర్‌కి తీసుకొస్తాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ఒళ్లు, పైన ఒక గాజు బిళ్ల, వెనక కంప్యూటర్‌కి పోయే వైరు. అంతే నేను.

వేలు పెట్టగానే గాజు కింద ఎర్ర లైటు వెలుగుతుంది. వేలి గీతలు ఎక్కడ ఆగిపోయాయో, ఎక్కడ రెండుగా చీలాయో గుర్తుపట్టి, ఆ వివరాలను తాళం వేసిన మూటగా ఆధార్ సర్వర్‌కి పంపిస్తాను. అక్కడి నుంచి అవునో కాదో ఒక్కటే జవాబు. కాదు అంటే తెర మీద 300 అనే నంబరు పడుతుంది. నెట్ సెంటర్ పిల్లాడు దాన్ని “అవ్వా, తంబ్ పడ్తలేదు” అని చెప్తాడు. ఈ ఊళ్లో నా వల్ల ఎక్కువగా వినిపించే మాట ఇదే.

ఎందుకు పడదో నాకు తెలుసు. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు ప్రాంతాల్లో మగవాళ్లు దుబాయి, మస్కట్ పోతే ఇక్కడ ఇల్లు నడిపింది ఆడవాళ్ల ఒడిలోని బీడీల చాట. తునికాకును నానబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి ఉంచి, తెల్లారి రేకు కొలతకు కత్తెరతో కత్తిరిస్తారు. అందులో చిటికెడు తంబాకు పోసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుట్టి, కొసలు గోటితో మడిచి, దారం బిగిస్తారు. ఒక్క బీడీకి ఇంత పని. రోజుకు వెయ్యి దాకా చుట్టేవాళ్లున్నారు. పన్నెండేళ్ల వయసులో చాట పట్టిన పిల్ల అరవై దాటేదాకా అదే వేలిని అదే చోట రుద్దుతూ పోతే గీతలు మిగులుతాయా? నా గాజు మీదకు వచ్చే బొటనవేళ్లలో కొన్ని నున్నగా ఉంటాయి. ప్రభుత్వం అడిగే గుర్తు, ఆ మనిషి చేసిన పని కిందే అరిగిపోయింది.

నవంబరులో నాకు ఊపిరాడదు. లైఫ్ సర్టిఫికెట్ల నెల. పింఛను తీసుకునేవాళ్లు ఏడాదికోసారి బతికే ఉన్నామని రుజువు చూపించాలి. పూర్వం బ్యాంకుకో ట్రెజరీకో స్వయంగా వెళ్లి సంతకం పెట్టేవాళ్లు. 2014 నవంబరు 10న ‘జీవన్ ప్రమాణ్’ వచ్చాక ఆ పని నా మీద పడింది. మంచి ఏర్పాటే, కాదనను. పడకపోతేనే తిప్పలు.

ఆ మధ్య ఒక అవ్వ వచ్చింది. బీడీ కార్ఖానా పీఎఫ్ పింఛను ఆమెది. ఈపీఎస్ 95 అంటారు కదా, అది. కుడి బొటనవేలు పెట్టింది. 300. తడి గుడ్డతో తుడిచి పెట్టింది. 300. పిల్లాడు నుదుటి మీద రుద్దుకుని పెట్టమన్నాడు. ఒంటి జిడ్డు అంటితే గీత తేలుతుందని ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన చిట్కా. మళ్లీ 300.

“నేను బతికే ఉన్న గద బిడ్డా, ఇగో నీ ముంగట్నే నిలబడ్డ. నువ్వు చూస్తలేవా?”

“నేను చూస్తున్న అవ్వా, మిషన్ చూడాలె.”

చివరికి ఎడమ చేతి ఉంగరపు వేలు పడింది. బీడీ చుట్టడంలో ఆ వేలికి పెద్దగా పని ఉండదు, అందుకే దాని గీతలు మిగిలాయి. సర్టిఫికెట్ ప్రింటు చేతికిస్తూ పిల్లాడు పింఛను ఎంతొస్తుందని అడిగాడు. వెయ్యి అంది అవ్వ.

“గింత కాలం చేస్తే వెయ్యేనా?” అని వాడు కాలిక్యులేటర్ తీశాడు. పింఛను లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. బీడీ కూలి నెలకు సగటున మూడు వేలు అనుకుందాం అన్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసు, దానికి బోనస్‌గా కలిపే రెండేళ్లు. మూడు వేలు ఇంటూ ఇరవై రెండు బై డెబ్బై. 943 రూపాయలు. కనీస పింఛను వెయ్యి గనక వెయ్యికి పెంచారన్నమాట. “నీకు సర్కారు యాభై ఏడు రూపాలు ఎక్కువే ఇస్తుంది అవ్వా” అని నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

ఈపీఎస్ పథకం 1995 నవంబరు 16న మొదలైంది. యజమాని కట్టే పీఎఫ్ వాటాలోంచి జీతంలో 8.33 శాతం పింఛను నిధికి పోతుంది, కేంద్రం 1.16 శాతం కలుపుతుంది. యాభై నిండాక ముందస్తుగా తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది కాబట్టి, ఇంట్లో పెళ్లో జబ్బో వచ్చి తొందరపడ్డవాళ్లకు వెయ్యి కూడా చేతికి రావడం లేదు. కనీస పింఛను వెయ్యి అని 2014 సెప్టెంబరు 1 నుంచి అమలు చేశారు. అప్పటికే 2013లో భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ మూడు వేలైనా ఇవ్వాలని చెప్పింది. ఆ వెయ్యి 2014 నుంచి కదల్లేదు. దీనికి డీఏ ఉండదు. ధరలు పెరిగినకొద్దీ ఆ నోట్లు తగ్గుతూ వస్తాయి, కోత అని ఎవరూ ఉత్తర్వు ఇవ్వక్కర్లేదు.

పింఛనుదారులు ఢిల్లీలో, జిల్లా కేంద్రాల్లో కూర్చుని అడుగుతున్నది 7,500, దాని మీద డీఏ, వైద్యం. అది మరీ ఎక్కువని కొందరంటారు. జీతం పరిమితి 15,000 అనుకుని, బోనస్ ఏళ్లతో కలిపి 35 ఏళ్ల సర్వీసు ఉన్న మనిషికి లెక్క కట్టండి, వచ్చేది సరిగ్గా 7,500. అంటే కనీసం అని అడుగుతున్న అంకె, ఆ పరిమితిలో జీవితమంతా పనిచేసినవాడికి దక్కేదానితో సమానం. ఇందులో నాకు తప్పు అడిగినవాళ్లలో కనిపించదు, సూత్రంలో కనిపిస్తుంది.

రాష్ట్రం ఇచ్చే పింఛను సంగతి వేరే. ఆసరా కింద బీడీ కార్మికులకూ వృద్ధులకూ 2019 నుంచి నెలకు 2,016. బీడీ కార్మికులకైతే పీఎఫ్‌లో ఏ తేదీ నాటికి పేరుండాలన్న కటాఫ్ తగాదా ఒకటి. 2023 ఎన్నికల్లో ‘చేయూత’ కింద నాలుగు వేలని మాటిచ్చారు. ఆ మాట మీద నా గాజు ముందు పడ్డ తిట్లు ఇక్కడ రాయలేను. ఇంతకీ జాతీయ వృద్ధాప్య పింఛనులో అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వాళ్లకు కేంద్రం ఇచ్చే వాటా ఎంతో తెలుసా? 200 రూపాయలు. ఏళ్ల తరబడి అంతే.

ఆ నవంబరులోనే ఒక రిటైర్డు పోస్టుమాస్టరు గారు కూడా వచ్చారు. ఆయన వేలు ఒక్కసారికే పడుతుంది. కాగితం పని చేసిన వేలు. ఆయనకు కేంద్ర పింఛను, డీఏ ఉంటాయి. అయినా ఆయన కోపాలు ఆయనవి. కరోనా కాలంలో 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా మూడు విడతల డీఏ ఆపేశారు, బకాయి ఇవ్వలేదు. రైల్లో అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం ఉన్న రాయితీ 2020 మార్చి 20న ఆగిపోయి మళ్లీ రాలేదు. ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఏళ్ల తరబడి కట్టారు. “ముసలితనం మీద కూడా పన్ను వేశారయ్యా” అంటారు. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని చెప్పిందనీ, అందుకే ఆ రోజు పింఛనుదారుల దినమనీ వరసలో ఉన్నవాళ్లకు వివరించారు.

“ఆ తీర్పు మా బీడీలోళ్లకు లేదా సారూ?” అంది పక్కన కూర్చున్న అవ్వ.

సారు కళ్లజోడు తుడుచుకున్నారు గానీ జవాబు చెప్పలేదు.

పన్ను కట్టేవాళ్లు తమలాంటి ఉద్యోగస్తులేనని ఆయనకో నమ్మకం. చాలామందికి ఉంది. అవ్వ బజార్లో కొన్న సబ్బు మీద 18 శాతం, మోకాళ్ల నొప్పి మాత్ర మీద 12 శాతం జీఎస్టీ కట్టింది. ఆదాయం వెయ్యి రూపాయలున్న మనిషికీ లక్ష ఉన్న మనిషికీ సబ్బు మీద పన్ను ఒకటే. కిరాణా కొట్టువాడు సబ్బు అమ్మేటప్పుడు ఆమె వేలు అడగడు. బతికున్న సర్టిఫికెట్ అడగడు. తీసుకోవడానికి నా అవసరం ఎవరికీ లేదు, ఇవ్వడానికే నన్ను పెట్టారు.

ఇంకో ముచ్చట. ఆమె చుట్టిన బీడీ మీద 1976 చట్టం ప్రకారం సంక్షేమ సెస్సు ఉండేది, వెయ్యి బీడీలకు ఐదు రూపాయల లెక్కన. ఆ డబ్బు బీడీ కార్మికుల దవాఖానాలకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఇళ్లకు పోవాలి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక సెస్సు పోయింది. దాని స్థానంలో బీడీ మీద 28 శాతం, తునికాకు మీద 18 శాతం పన్ను వచ్చి కూర్చున్నాయి. పన్ను పెరిగింది, ఆమె పేరు మీద విడిగా కట్టిన మూట మాత్రం బడ్జెట్‌లో కలిసిపోయింది. బీడీ ఆరోగ్యానికి మంచిదని నేననను. 2016 ఏప్రిల్ నుంచి కట్ట మీద 85 శాతం భాగం హెచ్చరిక బొమ్మకే ఇచ్చారు, సబబే. కానీ అమ్మకం తగ్గించాలన్నప్పుడు చుట్టే చేతులకు వేరే పని చూపించాలి కదా. పన్నేసి, పని దినాలు తగ్గించి, దవాఖానా డబ్బు కూడా తీసేస్తే అది ఆరోగ్య విధానం ఎట్లా అవుతుంది?

2025 సెప్టెంబరు 22న పన్ను కొంత దిగింది. ఆకు, సబ్బు, చాలా మందుల పన్ను 5కి వచ్చింది. బీడీ పన్ను 2026 ఫిబ్రవరిలో గానీ 18కి దిగలేదు. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద పన్ను తీసేశారు. పోస్టుమాస్టరు గారు సంతోషించారు, నేనూ ఒప్పుకుంటాను. సెస్సు మాత్రం తిరిగి రాలేదు, కనీస పింఛను వెయ్యి దగ్గరే ఉంది.

ఈలోగా నాకూ రిటైర్మెంటు వచ్చింది. నాది ఎల్ జీరో రకం. వేలిముద్రకు తాళం వేసే పని మిషన్ లోపలే మరింత భద్రంగా చేసే ఎల్ వన్ రకం వచ్చాక మా తరాన్ని పక్కన పెట్టేశారు. పిల్లాడు నన్ను ఊడదీసి పాత ఛార్జర్లున్న సొరుగులో వేశాడు. కొత్తది కూడా ఆ అవ్వ బొటనవేలిని పట్టలేకపోయింది. అరిగిన గీతను ఏ మిషనూ పుట్టించలేదు.

కాబట్టి ఇంట్లో ఈపీఎస్ పింఛను తీసుకునే పెద్దవాళ్లున్నవాళ్లకు ఒక మాట. నవంబరు రద్దీ దాకా ఆగక్కర్లేదు. లైఫ్ సర్టిఫికెట్ ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. తంబ్ పడకపోతే నెట్ సెంటర్ల చుట్టూ తిప్పకండి, ఫోనులో ముఖం చూపించి కూడా ఇచ్చే వీలుంది. మీ ఎంపీ ఓటడగడానికి వచ్చినప్పుడు 2014 నాటి వెయ్యి ఇంకా వెయ్యిగానే ఎందుకుందో అడగండి. అడిగేటప్పుడు అవ్వను పక్కన కూర్చోబెట్టుకోండి, లెక్క ఆమెకు నోటికి వచ్చు.