‘హైవేకి కూతవేటు’: టీకా తాత్పర్య సహితం

మూలం: “క్లియర్ టైటిల్. హైవేకి కూతవేటు. రోడ్డు పాయింటు. బోరేస్తే మంచినీళ్లు. టోకెన్ ఇవాళే.”

అవతారిక: వినుకొండ పరిసరాల్లో ఇంటిస్థలం కొనబోయే గృహస్థుకు మధ్యవర్తి ఉపదేశించే సూత్రమిది. ఒక్కో పదానికి ఒక్కో ఆఫీసులో అర్థం దొరుకుతుంది.

క్లియర్ టైటిల్: అమ్మేవారి పేరున్న రెవెన్యూ రికార్డులు 1-బి, అడంగల్ అని లౌకికార్థం. అది చాలదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసినా అందులో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. నోటిమాట పంపకాలు, అన్నదమ్ముల తగువులు, స్టాంపు కాగితం మీది అగ్రిమెంట్లు అందులోకి ఎక్కవు. అందుకే లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ల వెనక్కి చదివించాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఒక్కటే చూపిస్తే 2011 నాటి సూరజ్ ల్యాంప్ తీర్పు గుర్తుచేయాలి: జీపీఏతో యాజమాన్యం చేతులు మారదని సుప్రీంకోర్టు తేల్చింది.

శంక: ఈసీ శుభ్రంగా ఉంటే ఇక అడ్డేమిటి?

సమాధానం: 22-ఏ. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూములు నిషేధిత జాబితాలో ఉంటాయి. అసైన్డ్ (డి-పట్టా) భూమి అమ్మకాన్ని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు నిండితే అసలు పట్టాదారు, వారసులు అమ్ముకోవచ్చని 2023లో సవరించారు. 2024లో వచ్చిన ప్రభుత్వం అలా ఫ్రీహోల్డ్ అయిన భూముల రిజిస్ట్రేషన్లను నిలిపింది. ఇవాళ్టి పరిస్థితి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే అడగాలి.

కూతవేటు: అనంతపురం–గుంటూరు 544డి జాతీయ రహదారి వినుకొండ మీదుగా పోతుంది. కూత ఎవరిదో మూలంలో లేదు. ఊరు గుంటూరు–గుంతకల్లు లైనులో ఉంది గనుక రైలింజనుదని ఊహించవచ్చు.

రోడ్డు పాయింటు: తీరా వెళ్లి చూస్తే మిరపచేను పక్కన రెండు ట్రాక్టరు చక్రాల జాడ, నడుమ గడ్డి. అది గ్రామ పటంలో డొంకగా ఉందా, పక్క రైతు పోనిచ్చినన్నాళ్లే దారా? ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) దగ్గర పెట్టుకుని సర్వేయరుతో హద్దులు కొలిపించాలి. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు వచ్చింది. దస్తావేజులోని సెంట్లూ అందులోని సెంట్లూ సరిపోయాయో లేదో చూడాలి. ఆ ముక్కలో ఇంటి ప్లానుకు అనుమతి వస్తుందా అన్నది పంచాయతీలో తేల్చుకోవాలి.

మంచినీళ్లు: వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ పాత బెడద. అది నాలుకకు తెలియదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అనుమతి. పక్క పొలం బోరు నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు పంపితే తేలిపోతుంది.

అనుక్తం: మూలంలో నేల ఊసే లేదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. మామూలు పునాది వేస్తే గోడలు చీలతాయి. అలాంటి చోట ఇంజినీర్లు అండర్‌రీమ్డ్ పైల్ పునాది చెబుతారు. ఆ ఖర్చు కూడా స్థలం ధరలో కలిపి లెక్కవేసుకోవాలి.

తాత్పర్యం: ఈసీ, 22-ఏ, కొలత, నీళ్లు, నేల. ఆ తర్వాతే టోకెన్.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో “టోకెన్ ఇవాళే” బదులు “పొద్దున ఇంకో పార్టీ కూడా చూసి వెళ్లింది” అని ఉంది. అర్థభేదం లేదు.